సాయంత్రం పూట "ఇంటికెళ్తాను" అనే పెద్దవాళ్లతో

మా అత్తయ్యకు ఎనభై దాటాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని డాక్టరు తేల్చేదాకా ఇంట్లో అందరం చాదస్తమనే అనుకున్నాం. ఇప్పుడు రాజమండ్రిలో మాతోనే ఉంటున్నారు. పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు. పగలంతా బాగానే ఉంటారు. పొద్దు వాలేసరికి చీర సర్దుకుని, చేతిసంచి పట్టుకుని, "ఇంటికెళ్తానమ్మాయ్, మా అమ్మ ఎదురుచూస్తూంటుంది" అంటూ వీధి గుమ్మం వైపు నడుస్తారు. ఈ జబ్బున్న ఇళ్లల్లో చాలామందికి ఈ సాయంత్రాలు తెలుసు.

ముందు వాదన మానండి. "ఇదే మీ ఇల్లు, మీ అమ్మగారు ఎప్పుడో పోయారు" అన్నారనుకోండి, ఆవిడకు ఆ చావు కబురు అప్పుడే అందినట్టవుతుంది. ఏడుస్తారు. కాసేపటికి మర్చిపోయి మళ్లీ అడుగుతారు, మళ్లీ ఏడుస్తారు. నేనైతే "అలాగే అత్తయ్యా, టీ తాగి బయల్దేరదాం. మీ పెరట్లో పనసచెట్టు ఉండేది కదూ?" అంటాను. ఇక మాట పెరటి మీదికి మళ్లుతుంది, సంచి పక్కకు పోతుంది. ఈలోగా చిక్కుడుకాయల పళ్లెం ముందు పెట్టి, ఈనెలు తీసిపెట్టమంటాను. ఆ వేళ్లు పని మర్చిపోలేదు. కొన్ని కాయలు ఈనెలతో సహా గిన్నెలో పడతాయి, నేను తర్వాత వంటింట్లో చూసుకుంటాను. ఆవిడ ఎదురుగా మాత్రం మళ్లీ తీయను.

అయినా కూర్చోకపోతే ఆపొద్దు. చెప్పులు వేయించి, చెయ్యి పట్టుకుని, వీధి చివరిదాకా వెళ్లి రండి. చాలాసార్లు మన గేటు కనపడగానే "వచ్చేశాం" అని ఆవిడే అంటారు.

అసలు ఆ మాట వెనక ఏముందో కూడా చూడాలి. ఆకలా, బాత్రూమ్‌కు వెళ్లాలా, మోకాళ్ల నొప్పా, రెండు రోజులుగా విరేచనం కాలేదా? ఫలానా బాధ అని చెప్పడం చేతకానప్పుడు వాళ్ల నోట "ఇంటికెళ్తాను" అనే వస్తుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి, మూలల్లో నీడలు చూసి భయపడతారు. సీరియల్‌లో ఎవరో అరుస్తుంటే మనింట్లోనే గొడవ అనుకుంటారు, కాబట్టి ఆ టైముకి టీవీ కట్టేయండి (మా ఇంట్లో ఈ వంకన నాకూ ప్రశాంతంగా ఉంది). మధ్యాహ్నం నిద్ర ఎక్కువైనా, కాఫీ పొద్దుపోయాక తాగినా రాత్రి జాగారమే.

ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దు. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి రాత్రికి రాత్రే బొత్తిగా అయోమయంలో పడినా, మత్తుగా తూగుతున్నా, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, ఆఖరికి జలుబు మాత్ర కూడా అలా చేయొచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించండి. మతిమరుపు కనపడిన మొదట్లోనే థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా అడగండి. వీటి లోపం వల్ల, డిప్రెషన్ వల్ల వచ్చే మతిమరుపుకు మందుంది.

వీధి తలుపు గడియ కంటికి ఆననంత ఎత్తున పెట్టించండి. కానీ మనిషిని ఒంటరిగా లోపలుంచి తాళం వేసి వెళ్లొద్దు. మా ఫోన్ నంబరు గుడ్డముక్క మీద రాసి ఆవిడ జాకెట్ల లోపల కుట్టాను. కిరాణా కొట్టాయనకు, ఆటో స్టాండులో వాళ్లకు సంగతి చెప్పి ఉంచాం. కనపడకపోతే "వస్తారులే" అని చూడకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. మా ఆడపడుచు అమెరికా నుంచి వీడియో కాల్ చేసి "నేనెవరో చెప్పమ్మా?" అనడిగేది. అత్తయ్య బిక్కమొహం వేసేవారు, అటు తను ఏడ్చేది. ఇప్పుడు "అమ్మా, నేను నీ చిన్నదాన్ని" అని తనే ముందు చెబుతోంది, తర్వాత కొత్తావకాయ గురించి అడుగుతోంది. దానికి జవాబు ధారాళంగా వస్తుంది.

బ్యాంకు, ఆస్తి పనులు మనిషికి అర్థమై సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే చూసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకోవద్దు, ఇచ్చినవాళ్లకు మతి పూర్తిగా తప్పాక చట్టప్రకారం అది చెల్లదు.

ఇక చూసుకునేవాళ్ల సంగతి. వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ అనే హెల్ప్‌లైన్ 14567 ఉంది. మీకే టెన్షన్ తట్టుకోలేనంతగా ఉంటే మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ల సాయం మాత్రం అడిగి తీసుకోవాల్సిందే. ఆదివారం సాయంత్రాలు మా ఆయనవి. చిక్కుడుకాయలు ఆయనే ముందు పెడతారు, వీధి చివరిదాకా ఆయనే తీసుకెళ్తారు, నేను ఫోన్ ఇంట్లో వదిలేసి పుష్కర ఘాట్ వైపు వెళ్తాను.