రైఫిలు సంరక్షణ – నాలుగో పాఠం: ఎంతవరకు విప్పాలి?

గత పాఠంలో రైఫిలు భాగాల పేర్లు తెలుసుకున్నాము. వాటిలో వేటిని మనం తీయవచ్చో, వేటి జోలికి పోకూడదో ఈ పాఠంలో చూద్దాము. ఎన్‌సీసీ కేడెట్లు వాడే పాయింట్ 22 బోల్టు రైఫిలును, పాత పాయింట్ 303ను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

మ్యాగజైను తీసేస్తే రైఫిలు ఖాళీ అయినట్లేనని చాలామంది అనుకుంటారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మ్యాగజైను చేతిలోకి వచ్చినా, అంతకుముందే ఛాంబరులోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి, ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. కాబట్టి రైఫిలు మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పి, వేలు ట్రిగ్గరు మీద పెట్టకుండా, ముందు మ్యాగజైను తీసి, తరువాత బోల్టును (తూటాను లోపలికి తోసి ఛాంబరును మూసే, పిడి ఉన్న కడ్డీని) వెనక్కి లాగి ఛాంబరులోకి కంటితో చూడాలి. వరస తప్పితే, ఖాళీ చేశామనుకొని బోల్టును ముందుకు తోసిన క్షణంలోనే మ్యాగజైనులోని ఇంకొక తూటా లోపలికి ఎక్కుతుంది.

రెండోది, ఎన్ని మరలు విప్పితే అంత బాగా శుభ్రమవుతుందనే నమ్మకం. రోజువారీ శుభ్రతకు మ్యాగజైను, బోల్టు తీస్తే చాలు. ట్రిగ్గరు భాగాలను, గురి చూసే సైట్లను, కర్రను బ్యారెల్‌కు బిగించే మరలను ఆర్మరరుకు, అంటే ఆయుధాలు బాగుచేసే నిపుణుడికి, వదిలేయాలి. తుపాకుల మరమ్మతు పనికి 1959 నాటి ఆయుధ చట్టం లైసెన్సు అడుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

బోల్టు విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. కావలిలో ఒక శిబిరంలో నాలుగు రైఫిళ్ల బోల్టులు తీసి, ఒకే గోనెపట్టా మీద వరసగా పేర్చి, తుడిచిన తరువాత చేతికందినదాన్ని అందినట్టు బిగించేశాను. అన్నీ చక్కగా జారాయి, చక్కగా మూసుకున్నాయి. ఆర్మరరు మాత్రం బోల్టు పిడి మీద చెక్కిన నంబరును, రైఫిలు మీది నంబరును పక్కపక్కన చూపించి, నాలుగింటినీ మళ్లీ తీయించాడు. మూసిన బోల్టు ముఖానికీ తూటా అడుగుకూ మధ్య ఉండే సందు ఒక్కో రైఫిలుకు సరిచూసి అమర్చినది. బోల్టు మారితే ఆ సందు మారుతుంది, అది మరీ పెరిగితే పేల్చినప్పుడు తూటా గొట్టం చిరగవచ్చు. పాయింట్ 303లోని నాలుగో నంబరు రకానికి ఈ సర్దుబాటు కోసమే బోల్టు తలలను 0 నుంచి 3 వరకు నాలుగు కొలతల్లో చేశారు. అందుకే ఒక రైఫిలు పని ముగిశాకే రెండోదాన్ని ముట్టుకోండి.

పుల్‌త్రూను, అంటే ఒక చివర ఇత్తడి బరువు, రెండో చివర గుడ్డ ఉండే బ్యారెల్ తుడిచే తాడును, ఎటునుంచి లాగినా ఒకటేననుకోవడమూ పొరపాటే. ఇత్తడి బరువును ఛాంబరు వైపు నుంచి జారవిడిచి, గుడ్డను మూతి వైపుకు తిన్నగా లాగాలి. పాయింట్ 303కు 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు గుడ్డ సరిపోతుంది. పాయింట్ 22కు ఇంకా చిన్నది కావాలి. తాడును పక్కకు వంచి లాగితే, దానికి అంటిన ఇసుక మూతి అంచును ఆకురాయిలా అరగదీస్తుంది. గుండు చివరగా వదిలే చోటు అదే కనుక, అక్కడ అరుగుదల వస్తే గురి తప్పుతుంది.

ఇక నూనె. మన తీరంలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. తుమ్మలపెంట వైపు ఒక పూట ఉంచిన ఇనుప సామాను చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఆ భయంతోనే నూనెను ధారగా పోసేవారున్నారు. అలా పోసిన నూనె దుమ్మును పట్టి, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను చుట్టూ జిగురుగా మారుతుంది. పలుచని పొర చాలు; పేల్చే ముందు బ్యారెల్‌ను, ఛాంబరును పొడి గుడ్డతో తుడవాలి. కొబ్బరినూనె వద్దు, డిసెంబరు తెల్లవారుజామున అది సీసాలోనే గడ్డకడుతుంది, బోల్టులో మాత్రం ఊరుకుంటుందా? కిరసనాయిలు మురికిని వదిలిస్తుంది కానీ తుప్పును ఆపదు. దానితో కడిగితే, ఆరాక తప్పకుండా తుపాకి నూనె రాయండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం: మీ శిక్షకుని ఎదుట బోల్టు తీసి నంబరు చదవండి. పుల్‌త్రూను మూడుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో లాగి, ఆ మూడు గుడ్డలనూ పారేయకుండా కాగితంలో చుట్టి తెండి. వాటి మీది నలుపునూ ఎరుపునూ ఎలా చదవాలో ఐదో పాఠంలో చూద్దాము.