టూల్ రిలీజ్ మన చేతిలో లేనప్పుడు ప్లాన్ వేయడం – 3వ పాఠం: తేదీ జరుగుతుందా, సరుకు జరుగుతుందా?

రెండో పాఠంలో మీ ప్రాజెక్టు ఏయే టూల్స్ మీద ఆధారపడి ఉందో పట్టిక వేయమన్నాను: భాష, బిల్డ్ టూల్, ఫ్రేమ్‌వర్క్, టెస్టింగ్ లైబ్రరీలు, ఒక్కోదాని పక్కన ఇప్పుడు వాడుతున్న వెర్షన్. దాన్ని దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఈసారి మూడు కొత్త కాలమ్‌లు చేరుస్తాం. పట్టిక ఇంకా వేయకపోతే జావా (భాష), గ్రేడిల్ (బిల్డ్ టూల్), స్ప్రింగ్ బూట్ (ఫ్రేమ్‌వర్క్) అని మూడు వరుసలు రాసుకున్నా చాలు. ఉదాహరణలు చాలావరకు వాటి మీదే ఉంటాయి.

మొదటి కాలమ్: ఏది వెనక్కి జరుగుతుంది?

"కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుంది?" అని అందరూ అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ టూల్ చేసేవాళ్లు తేదీకి కట్టుబడతారా, ఫీచర్లకు కట్టుబడతారా? ఫలానా ఫీచర్లు పూర్తయ్యాకే విడుదల చేస్తామనేవాళ్ల దగ్గర సరుకు (అంటే ఫీచర్లు) ఖాయం, తేదీ వెనక్కి జరుగుతుంది. ఫలానా నెలలో విడుదల చేసి తీరతామనేవాళ్ల దగ్గర తేదీ ఖాయం, పూర్తికాని ఫీచర్ తర్వాతి వెర్షన్‌కి జరుగుతుంది. ఏదో ఒకటి జరగక తప్పదు. రెండూ ఖాయమని ఎవరైనా చెబితే వాళ్ల పాత రిలీజ్‌ల చరిత్ర తీసి చూడండి.

జావా ఈ రెండు పద్ధతుల్లోనూ నడిచింది, అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. జావా ప్రోగ్రాములు రాయడానికి వాడే కిట్‌ని జేడీకే అంటారు, దాని నంబరే జావా వెర్షన్. జేడీకే 6 వచ్చింది 2006 డిసెంబర్‌లో. ఆ తర్వాతి వెర్షన్‌లో లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), జిగ్‌సా పేరుతో మాడ్యూల్ వ్యవస్థ (కోడ్‌ని విడి భాగాలుగా పేర్చే పద్ధతి) ఇవ్వాలనుకున్నారు. పని తెమల్లేదు. 2010 సెప్టెంబర్‌లో జావా చీఫ్ ఆర్కిటెక్ట్ మార్క్ రైన్‌హోల్డ్ రెండు దారులు చూపించారు: అన్నీ కలిపి 2012 మధ్యలో ఇవ్వడం, లేదా ఆ పెద్ద పనులు పక్కనపెట్టి అయినంతవరకు 2011లో ఇవ్వడం. రెండో దారే పట్టారు. 2011 జులైలో జేడీకే 7 వచ్చింది. లాంబ్డాలతో జేడీకే 8 మాత్రం 2012 చివర్లో అన్నారు, తర్వాత 2013 సెప్టెంబర్ అన్నారు. భద్రతా లోపాలు సరిచేయడానికి ఇంజినీర్లను మళ్లించాల్సి రావడంతో అది 2014 మార్చికి పోయింది. జిగ్‌సాకి అందులోనూ చోటు దొరకలేదు. దాని కోసమే ఆగిన జేడీకే 9 తేదీ 2016 సెప్టెంబర్ నుంచి 2017 మార్చికి, అక్కడి నుంచి జులైకి జరిగి, చివరికి 2017 సెప్టెంబర్ 21న విడుదలైంది.

ఆ నెలలోనే రైన్‌హోల్డ్ పద్ధతి మార్చుదామని ప్రతిపాదించారు: ఇకపై ఆరు నెలలకోసారి రిలీజ్, సిద్ధమైన ఫీచర్ ఎక్కుతుంది, కానిది తర్వాతిదాని కోసం ఆగుతుంది. 2018 మార్చిలో వచ్చిన జేడీకే 10 మొదలు 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 25 దాకా ప్రతి వెర్షన్ మార్చిలోనో సెప్టెంబర్‌లోనో వచ్చింది. తేదీ విషయంలో జావాను ఇప్పుడు కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

సరుకు విషయంలో అలా నమ్మకూడదు. వర్చువల్ థ్రెడ్స్ (ఒకేసారి చాలా పనులు నడిపే తేలికైన థ్రెడ్లు) 19, 20 వెర్షన్లలో ప్రీవ్యూగా (మార్చే లేదా తీసేసే వీలుంచి పరీక్షకు ఇచ్చిన ఫీచర్‌గా) ఉండి 21లో ఖాయమయ్యాయి. స్ట్రింగ్ టెంప్లేట్స్ (వాక్యం మధ్యలో విలువలు పొదిగే సదుపాయం) కూడా 21, 22లలో ప్రీవ్యూగా వచ్చాయి. డిజైన్ నచ్చక 23లో వాటిని పూర్తిగా తీసేశారు. రెండింటికీ ప్రీవ్యూ అనే ముద్ర ఒకటే, చివరికి చేరిన చోట్లు వేరు. అందుకే నా లెక్కలో ప్రీవ్యూ ఫీచర్‌ని ప్రయోగాలకు వాడుకోవచ్చు గానీ, క్లయింట్‌కి ఇచ్చే ప్లాన్‌లో దానికి చోటు లేదు.

సరుకు ఎప్పుడు ఖాయమవుతుందో తెలుసుకునే మార్గం ఉంది. ప్రతి జేడీకే షెడ్యూల్‌లో ర్యాంప్‌డౌన్ ఫేజ్ వన్ అనే తేదీ ఉంటుంది. అది దాటాక ఆ వెర్షన్‌లోకి కొత్త ఫీచర్లు తీసుకోరు. జేడీకే 21కి అది 2023 జూన్ 8, రిలీజ్ సెప్టెంబర్ 19. అంటే ఏం వస్తుందో మూడు నెలల ముందే తెలిసిపోయింది. మీ పట్టికలో రిలీజ్ తేదీ పక్కన ఈ ఫ్రీజ్ తేదీ కూడా రాసుకోండి. ప్లాన్ వేసేవాళ్లకు రిలీజ్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

రెండో కాలమ్: ఆఖరున వచ్చేది

టూల్ విడుదలైన రోజే పని మొదలుపెట్టొచ్చనుకుంటే ఇబ్బంది పడతాం. జావా ప్రాజెక్టుల్లో దీని ఆనవాలు ఒక ఎర్రర్ రూపంలో కనిపిస్తుంది: "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65". క్లాస్ ఫైల్ అంటే కంపైల్ అయిన జావా కోడ్ (బైట్‌కోడ్) ఉండే ఫైలు, 65 అంటే జావా 21 క్లాస్ ఫైళ్ల నంబర్. జావా వచ్చేసింది, కానీ దాని బైట్‌కోడ్ చదవాల్సిన మరో టూల్ ఇంకా తయారవలేదని ఈ ఎర్రర్ చెబుతోంది.

2023లో ఇదెలా జరిగిందో చూడండి. జేడీకే 21 వచ్చింది సెప్టెంబర్ 19న. గ్రేడిల్ 8.4తో జావా 21 కోడ్‌ని టూల్‌చైన్ (కంపైల్‌కి వేరే జేడీకే వాడుకునే సెట్టింగ్) ద్వారా కంపైల్ చేయడం వీలైంది గానీ, గ్రేడిల్‌ని మాత్రం పాత జేడీకే మీదే నడపాల్సి వచ్చింది. పూర్తి సపోర్ట్ వచ్చింది నవంబర్ చివర్లో, 8.5తో. ఒక్క సెట్టింగ్‌తో వర్చువల్ థ్రెడ్స్ వాడుకునే వీలున్న స్ప్రింగ్ బూట్ 3.2 వచ్చింది నవంబర్ 23న. కాబట్టి "జావా 21" వరుసలో రెండో కాలమ్‌లో సెప్టెంబర్ అని రాయకూడదు, నవంబర్ చివర అని రాయాలి. జావా 17 అప్పుడు కూడా గ్రేడిల్ దాదాపు రెండు నెలలు వెనకబడింది. మీ టూల్‌కి గత రెండుసార్లు ఈ ఎడం ఎంతో చూసి, ఈసారీ అంతే పడుతుందని లెక్కేసుకోండి.

మూడో కాలమ్: నిర్ణయ తేదీ

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. టూల్ ఎప్పుడొస్తుందనేది మన చేతిలో లేదు. దాన్ని వాడాలా వద్దా అని ఏ రోజున తేల్చాలో మాత్రం మన చేతిలోనే ఉంది. ప్లాన్‌లో రాయాల్సిన తేదీ అదే, దాన్ని వెనక నుంచి లెక్కపెట్టాలి.

2023 జూన్‌లో కూర్చున్నామనుకుందాం. ప్రాజెక్టు 2024 జనవరి 15న లైవ్‌కి వెళ్లాలి. జావా 17 నుంచి 21కి మారాలని టీమ్ కోరిక. పూర్తి టెస్టింగ్‌కి ఐదు వారాలు కావాలి, కాబట్టి డిసెంబర్ 11కల్లా మార్పు పూర్తవ్వాలి. మార్పుకి మూడు వారాలు, కాబట్టి నవంబర్ 20న మొదలవ్వాలి. నవంబర్ 20 మన నిర్ణయ తేదీ. ఆ రోజుకి కావాల్సినవన్నీ ఫైనల్‌గా విడుదలై ఉంటే 21, లేకపోతే 17.

ఇప్పుడు పైన రాసిన తేదీలు మళ్లీ చూడండి. స్ప్రింగ్ బూట్ 3.2 నవంబర్ 23న వచ్చింది. "మూడు రోజులే కదా, ఆర్‌సీ (ఫైనల్‌కి ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్) కూడా వచ్చేసింది, ఆగుదాం" అని టీమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆగొద్దు. ఆ మూడు రోజులు తీసుకోవాల్సింది టెస్టింగ్ నుంచే. పైగా నవంబర్ 20న కూర్చున్నవాళ్లకు అది మూడు రోజులే అవుతుందన్న హామీ లేదు. పైథాన్ 3.13 ఫైనల్ 2024 అక్టోబర్ 1న రావాల్సింది. కొత్త గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం) వల్ల వేగం తగ్గుతోందని తేలడంతో దాన్ని వెనక్కి తీసి, ఆ రోజు ఫైనల్‌కి బదులు మరో ఆర్‌సీ ఇచ్చారు. ఫైనల్ 7న వచ్చింది. ఆర్‌సీ చేతిలో ఉన్నా తేదీ జరగొచ్చు.

17తో వెళ్లినంత మాత్రాన జూన్ నుంచి ఆశపడిన పని వృథా కాదు, ముందునుంచే రెండు దారులకూ వీలుగా కోడ్ రాసి ఉంటే. థ్రెడ్ పూల్ (పనులు చేసే థ్రెడ్ల గుంపు) తయారుచేసే కోడ్ నలభై చోట్ల చెదిరి ఉండకుండా ఒకే క్లాస్‌లో ఉంచండి. ఇవాళ అది ఫిక్స్‌డ్ థ్రెడ్ పూల్ ఇస్తుంది, రేపు వర్చువల్ థ్రెడ్ ఎగ్జిక్యూటర్ ఇస్తుంది, మిగతా కోడ్‌కి తేడా తెలియదు. దాంతోపాటు సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే వ్యవస్థలో) రెండో జాబ్ ఒకటి పెట్టి, ఎర్లీ యాక్సెస్ బిల్డ్ (విడుదలకు ముందే ఇచ్చే వెర్షన్) మీద టెస్టులు నడపండి. అది ఫెయిలైనా మెర్జ్ ఆగకూడదు. ఎక్కడ ఫెయిలవుతోందో వారానికోసారి చూసుకుంటే చాలు, నిర్ణయ తేదీ నాటికి వాదనలకు బదులు లాగ్‌లు మాట్లాడతాయి.

సపోర్ట్ ముగిసే తేదీలూ జరుగుతాయి, ముందుకీ వెనక్కీ. పైథాన్ 2.7 గడువు 2015 నుంచి 2020కి పెరిగింది. నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే టూల్) 16 గడువు 2024 ఏప్రిల్ నుంచి 2023 సెప్టెంబర్ 11కి తగ్గింది, ఎందుకంటే అది ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 1.1.1 సపోర్ట్ ఆ రోజుతో ముగిసింది. కాబట్టి పాత వెర్షన్‌లోనే ఉండిపోదామని తేల్చుకున్నా, ఆ వెర్షన్ కింద ఏముందో దాని గడువు కూడా చూడాలి.

అభ్యాసం

మీ పట్టికలో ఒక టూల్ తీసుకుని మూడు కాలమ్‌లూ నింపండి. సొంత ప్రాజెక్టు లేనివాళ్లు పైథాన్‌తో చేయండి: 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్, మేలో వచ్చే మొదటి బీటాతో ఫీచర్లకు ఫ్రీజ్. డిసెంబర్ 1న లైవ్‌కి వెళ్లాల్సిన ప్రాజెక్టుకి టెస్టింగ్ నాలుగు వారాలు, మార్పు రెండు వారాలు అనుకుని నిర్ణయ తేదీ కట్టండి. ఆ రోజుకి పైథాన్ వచ్చేసినా మీరు వాడే లైబ్రరీల్లో సీ ఎక్స్‌టెన్షన్లు (సీ భాషలో రాసిన భాగాలు) ఉన్నవాటికి కొత్త వెర్షన్ వీల్స్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) వచ్చాయో లేదో ఎక్కడ చూస్తారో కూడా రాయండి. నాలుగో పాఠం ఈ నిర్ణయ తేదీని క్లయింట్‌కి ఇచ్చే షెడ్యూల్‌లో ఏ మాటల్లో పెట్టాలన్న దగ్గర మొదలవుతుంది.