కన్నడ నేర్చుకుందాం – 7వ పాఠం: అత్తవారి వైపు వరసలు

కన్నడ వరసల్లో తెలుగువారికి సగం పని ముందే అయిపోయింది. మావ, అత్తె మనవే. అల్లుడు అళియ. కోడలు సొసె. తోడల్లుణ్ణి షడ్డకుడు అనే ఇళ్లు మనలోనూ ఉన్నాయి, కన్నడంలో షడ్డక. తోడికోడలు మాత్రం కొత్తగా నేర్వాలి: ఓరగిత్తి, కొన్నిచోట్ల వారగిత్తి.

ఇక అసలు చిక్కు ఈడువారి దగ్గర. నాలుగు మాటలు పట్టుకోండి. అక్క భర్త, భర్త అన్న, భార్య అన్న: భావ. అన్న భార్య, భర్త అక్క, భార్య అక్క: అత్తిగె. భర్త తమ్ముడు, భార్య తమ్ముడు: మైదున. భార్య తమ్ముణ్ణి మాటల్లో బామైద అంటారు. భర్త చెల్లెలు, భార్య చెల్లెలు, తమ్ముడి భార్య: నాదిని. అంటే అత్తిగె మన వదినకు సరిగ్గా సరిపోతుంది. మనం ఆడపడుచు, మరదలు అని విడదీసే చోట నాదిని ఒక్కటే చాలు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ: అత్తెగె అంటే ‘అత్తకు’. అత్తిగె అంటే ‘వదిన’. తేడా ఒక్క అచ్చులోనే ఉంది. ‘అత్తెగె హేళు’ అంటే అత్తకు చెప్పు. వదినకు చెప్పమనాలంటే మరో ‘గె’ చేర్చాలి: ‘అత్తిగెగె హేళు’. ఈ రెండూ పదేసిసార్లు పైకి చదవండి. మనసులో చదివితే నాలుక తిరగదు.

వియ్యాలవారు బీగరు, వియ్యపురాలు బీగిత్తి. బీగ అంటే తాళం కూడా (మన బీగమే), కాబట్టి సందర్భం చూసుకోవాలి. పాత మైసూరు ప్రాంతంలో పెళ్లయ్యాక పెట్టే మాంసాహార విందు ‘బీగర ఊట’. పిలుపు వస్తే అది వియ్యాలవారి భోజనమని తెలియాలి.

అళియ మేనల్లుడికీ చెల్లుతుంది, మన అల్లుడులాగే. కోస్తా కర్ణాటక వైపు తుళు మాట్లాడే తుళునాడు ‘అళియసంతాన’ పద్ధతిలో ఆస్తి అక్కచెల్లెళ్ల బిడ్డలకు పోయేది. అక్కడి అళియ మేనల్లుడే, కూతురి మొగుడు కాదు. ఇల్లరికపుటల్లుడు మనె అళియ.

పరిచయం చేసేటప్పుడు పెద్దలకు ‘ఇవరు’, చిన్నవాడికి ‘ఇవను’, చిన్నదానికి ‘ఇవళు’. ‘ఇవరు నమ్మ అత్తె’, ‘ఇవను నన్న మైదున’, ‘ఇవళు నన్న నాదిని’. అత్తగారిని ‘ఇవళు’ అన్నారో, ఎంత ప్రేమగా అన్నా అగౌరవమే.

అభ్యాసం: ‘నమ్మ అత్తిగె నిమ్మ అత్తెగె ఊట కొట్టరు.’ ఎవరు ఎవరికి ఏం చేశారు? కొట్టరు అంటే ‘ఇచ్చారు’. జవాబు: మా వదిన మీ అత్తకు భోజనం పెట్టారు.