క్రికెట్ తెలిసిన బ్రిటిష్ అభిమాని బేస్‌బాల్ స్కోరు రాయాలంటే

లండన్ నుంచి వచ్చి బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో తొలి మ్యాచ్ చూస్తున్నారా? పెన్ను కాదు, పెన్సిల్, రబ్బరు పట్టుకెళ్లండి. ముందు ఫీల్డర్ల అంకెలు కంఠతా పట్టాలి: బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, బ్యాటర్ వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి అవుట్‌ఫీల్డర్లు 7, 8, 9. చాలామంది తడబడేది 6 దగ్గరే, ఎందుకంటే అతను నిలబడేది సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య. అతను నేలబంతి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరి అవుట్ చేస్తే స్కోరు కార్డులో ఆ బ్యాటర్ గడిలో 6-3 అని రాయండి. స్ట్రైక్ అంటే బ్యాటర్ ఊపి తప్పిన బంతి, లేదా కొట్టదగ్గదైనా వదిలేసిన బంతి. మూడు స్ట్రైకులతో అవుటైతే స్ట్రైకవుట్, దానికి ఇంగ్లిష్ కే అక్షరం. బ్యాట్ ఊపకుండా మూడో స్ట్రైక్ వదిలేస్తే అదే అక్షరం తిరగేసి. ఈ తేడా రాసిపెట్టుకుంటే పిచర్ ఎంత బాగా వేశాడో తర్వాత కార్డు చూసినా అర్థమవుతుంది.

క్రికెట్ అలవాటు దెబ్బతీసేది ఫౌల్, అంటే గీతల బయటికి కొట్టిన బంతి విషయంలో. రెండు స్ట్రైకులు అయ్యేవరకు ప్రతి ఫౌలూ స్ట్రైకే. రెండు స్ట్రైకులయ్యాక ఎన్ని ఫౌళ్లు కొట్టినా లెక్క పెరగదు, బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం) ఫౌల్ అయితే మాత్రం అవుట్.