గ్లైడర్ల ధరలను ఏళ్ల వారీగా పోల్చడం ఎలా

విజయవాడ, గుంటూరు పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఏరోనాటిక్స్ చదివే విద్యార్థులు ప్రాజెక్టు కోసం గ్లైడర్ల, అంటే మామూలుగా ఇంజిన్ లేకుండా గాలిలో సాగే విమానాల, ధరల పట్టిక వేయాలనుకుంటే, మొదట మానుకోవలసిన పని ఒకటుంది. పాత ప్రకటనలోని ధరను ఆనాటి మారకం రేటుతోను, నేటి ధరను నేటి రేటుతోను రూపాయల్లోకి మార్చి, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టకూడదు. అలా చేస్తే మనం కొలిచేది గ్లైడర్ ధరను కాదు, రూపాయి పతనాన్ని.

ఒక లెక్క చేసి చూద్దాం. 1980లో అమెరికాలో ఒక గ్లైడర్ ధర 20,000 డాలర్లనుకుందాం. అప్పట్లో డాలరు విలువ 8 రూపాయలకు కాస్త తక్కువ కాబట్టి, మన డబ్బులో అది సుమారు 1.6 లక్షలు. అమెరికా వినియోగదారుల ధరల సూచీ వార్షిక సగటు 1980లో 82.4 ఉండగా 2024లో 313.7కు చేరింది. అంటే అక్కడి ధరలన్నీ సగటున 3.8 రెట్లు పెరిగాయి. గ్లైడర్ ధర కూడా సరిగ్గా అంతే పెరిగి ఉంటే 2024లో అది దాదాపు 76,000 డాలర్లు, అంటే ఆ ఏటి రేటులో సుమారు 64 లక్షల రూపాయలు. రూపాయల్లో చూస్తే 40 రెట్లు పెరిగినట్లు కనిపించే ఈ వస్తువు, ద్రవ్యోల్బణాన్ని తీసేసి చూస్తే అక్కడివారికి ఒక్క డాలరు కూడా ప్రియం కాలేదు. అందుచేత ధరను ముందు అమ్మిన దేశపు డబ్బులోనే రాసి, ఆ దేశపు సూచీతో సవరించి, రూపాయల్లోకి మార్చడాన్ని చివరి మెట్టుగా ఉంచుకోవాలి.

ప్రపంచంలోని గ్లైడర్లలో పెద్ద భాగం జర్మనీ నుంచే వస్తుంది గనుక జర్మన్ మార్కు చరిత్ర కూడా పట్టికలో ఉండాలి. 1960ల్లో చాలాకాలం డాలరుకు 4 మార్కులు వచ్చేవి. 1970ల చివరికి 2 మార్కులైనా రాలేదు. కర్మాగారం ధర పెంచకపోయినా అమెరికా కొనుగోలుదారుడికి అదే గ్లైడర్ రెట్టింపు ఖరీదైంది. 1985 ఆరంభంలో డాలరు మళ్లీ 3 మార్కులు దాటినప్పుడు అదే గ్లైడర్ చవకైంది. పాత మార్కు ధరలను యూరోల్లోకి మార్చేటప్పుడు 1.95583తో భాగించాలి; అది శాశ్వతంగా ఖరారైన రేటు.

డబ్బు సంగతి తేలాక, దేనితో దేన్ని పోలుస్తున్నామో చూసుకోవాలి. కొత్త గ్లైడర్ల సగటు ధర తీయడం వల్ల ప్రయోజనం లేదు. ఈనాటి కొత్త గ్లైడర్లలో చాలావాటికి లోపలికి ముడుచుకునే ఇంజినో, ముక్కు దగ్గర విద్యుత్ మోటారో ఉంటుంది. 1970ల్లో అలాంటివి అరుదు. దీనికన్నా చాలాకాలం ఉత్పత్తిలో ఉన్న ఒకే నమూనాను ఎంచుకోవడం మేలు. నన్నడిగితే జర్మనీకి చెందిన ష్లైఖర్ సంస్థ తయారుచేసే రెండు సీట్ల ఏఎస్‌కే 21ను మించిన కొలబద్ద లేదంటాను. 1979 నుంచి దశాబ్దాల పాటు పెద్ద మార్పులు లేకుండా తయారైంది కాబట్టి, దాని కొత్త ధరలో ద్రవ్యోల్బణాన్ని మించి కనిపించే పెరుగుదల చాలావరకు కూలిదే.

ఈ కూలి సంగతి వివరంగా తెలుసుకోదగ్గది. గ్లైడర్ రెక్కను యంత్రాలు గుద్ది తీయవు. మౌల్డులో ఫైబర్ గుడ్డను పొరలు పొరలుగా పరిచి, రెజిన్ పట్టించి, రెండు సగాలను అతికించి, ఆ తరువాత పైనున్న జెల్‌కోట్ అనే పూతను ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, చేతికి ఎక్కడా ఎత్తుపల్లాలు తగలనంత నునుపు చేస్తారు. ఏటా తయారయ్యేవి తక్కువ, ఒక్కోదానికి పట్టే పని గంటలు ఎక్కువ. కార్లలో ఉత్పాదకత పెరిగినట్లు ఇక్కడ పెరగలేదు గనుక జర్మనీలో వేతనాలు పెరిగిన కొద్దీ ధర కూడా పెరుగుతూ వచ్చింది. అందుకే పట్టికలో ధర పక్కన ఆ ఏటి సగటు వేతనాన్ని కూడా రాసి, ఎన్ని నెలల జీతంతో ఒక గ్లైడర్ వస్తుందో లెక్కగట్టండి.

వాడిన గ్లైడర్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. 1957లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ విద్యార్థి బృందం నుంచి ఫీనిక్స్ అనే తొలి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ఎగిరిన తరువాత, చెక్క గ్లైడర్లు క్రమంగా వెనకబడ్డాయి. చెక్కతో చేసిన కా 6 అనే గ్లైడర్‌ను గాలి వీచని వేళ విజయవాడ మీద కిలోమీటరు ఎత్తున వదిలితే సుమారు 30 కిలోమీటర్లు సాగి గుంటూరు పొలిమేరలకు చేరుతుంది. 1980లో వచ్చిన ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ఎల్ఎస్4 సుమారు 40 కిలోమీటర్లు సాగి గుంటూరు దాటిపోతుంది. ఆ తరువాత 15 మీటర్ల రెక్కలుండే ఇదే స్టాండర్డ్ తరగతిలో ఇంత పెద్ద గంతు మళ్లీ రాలేదు. పైగా ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. 3,000 గంటల వద్ద మొదలయ్యే ప్రత్యేక తనిఖీలు నెగ్గితే ఆయువు పొడిగించుకుంటూ పోవచ్చు. చెక్కవాటి ధరలు పడిపోయినా, నలభై ఏళ్ల నాటి మంచి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ తన విలువ నిలబెట్టుకోవడానికి కారణమిదే.

ఆటోనగర్‌లో పాత లారీ బేరమాడేవారు తయారీ సంవత్సరంతో ఆగిపోకుండా చాసిస్, ఎఫ్‌సీ గడువు, టైర్లు విడివిడిగా చూసి వెల కట్టినట్లే, ఇక్కడా ప్రకటన ధరను విడగొట్టాలి. ఎగిరిన గంటలు, పైకి లేచిన సార్ల సంఖ్య, ప్రమాదాల చరిత్ర లాగ్‌బుక్‌లో ఉంటాయి. రెక్కలు విప్పి దాచే ట్రైలర్, పారాచూట్, పరికరాలు ధరలో కలిశాయో లేదో చూడాలి. 2004 నుంచి వచ్చిన ఫ్లార్మ్ వంటి ఢీ నివారణ పరికరం పాత ప్రకటనల్లో ఉండదు. జెల్‌కోట్ పగుళ్లివ్వడం మొదలైతే మాత్రం జాగ్రత్త. దాన్ని తొలగించి కొత్తది వేయడానికయ్యే ఖర్చు ఒక్కోసారి ఆ గ్లైడర్ వెలనే మించిపోతుంది.

లెక్కకు అందని కుదుపులను వేరుగా గుర్తించండి. రెండున్నర వేలకు పైగా తయారైన లోహపు గ్లైడర్ ఎల్-13 బ్లానిక్‌ను శిక్షణ క్లబ్బులు చవకగా కొనుక్కునేవి. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒకదాని రెక్క గాలిలోనే విరిగి ఇద్దరు మరణించాక, వాటిని నేలకు పరిమితం చేశారు. ఒక్క ఉత్తర్వుతో వాటిని తిరిగి అమ్మితే వచ్చే విలువ దాదాపు పోయింది. బ్లానిక్ ధరలను 2010కి ముందు, తరువాత అని రెండు వరుసల్లో రాయాలి, సగటు తీయకూడదు.

ప్రకటనల్లో కనిపించేది అడిగిన ధర, అమ్ముడైన ధర కాదు. వీలైతే ఒకే గ్లైడర్ ప్రకటన వరుసగా ఎన్ని నెలలు వచ్చిందో, మధ్యలో ఎంత తగ్గించారో సీరియల్ నంబరు ఆధారంగా గమనించి, చివరి అంకెనే పట్టికలోకి ఎక్కించండి. ఆ అంకెకు సముద్ర రవాణా, కస్టమ్స్ సుంకం, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర నమోదు ఖర్చులను కలపకండి. వాటికి వేరే నిలువు వరుస కేటాయించాలి.