ఉజ్జీవం వ్యాపించాలంటే సాక్ష్యం ఎలా చెప్పాలి, ఎలా చెప్పించాలి

1970 ఫిబ్రవరి 3న అమెరికాలోని కెంటకీలో, ఆస్బరీ కాలేజీ చాపెల్‌లో ప్రసంగించాల్సిన డీన్ ఆ రోజు ప్రసంగం మానేసి విద్యార్థులనే సాక్ష్యాలు, అంటే ప్రభువు తమ జీవితంలో చేసిన పని, చెప్పమన్నారు. 50 నిమిషాల్లో ముగియాల్సిన ఆరాధన 185 గంటలు సాగింది. తర్వాత ఆ విద్యార్థులు జట్లుగా వేరే కాలేజీలకు, సంఘాలకు వెళ్లి జరిగింది చెబితే అక్కడా పశ్చాత్తాపం మొదలైంది. 1904లో బ్రిటన్‌లోని వేల్స్‌లో వచ్చిన ఉజ్జీవానికి (విశ్వాసం మళ్లీ రగిలి ఊరూరా వ్యాపించడానికి) తొలి రవ్వ కూడా ఇలాంటిదే. అక్కడి న్యూ క్వే ఊళ్లో యువజన కూడికలో ఫ్లోరీ ఎవాన్స్ అనే అమ్మాయి లేచి, యేసు ప్రభువును మనసారా ప్రేమిస్తున్నానని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంది.

ప్రసంగం విన్నవాళ్లు ‘నిజమే’ అనుకుంటారు. సాక్ష్యం విన్నవాళ్లు ‘ఆయనకు జరిగితే నాకెందుకు జరగదు’ అనుకుంటారు. ఈ రెండో ఆలోచన పుట్టేలా చెప్పించడమే కూడిక నడిపేవారి పని.

ముందు కాగితం మీద

మూడు నిమిషాలు చాలు. చేతిరాతలో ఒక పేజీ దాటనివ్వకండి. వరుస కోసం బైబిల్లో అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం తెరవండి. అగ్రిప్ప రాజు ముందు పౌలు తన మునుపటి జీవితం, ప్రభువు ఎదురైన సందర్భం, తర్వాత చూపిన విధేయత అదే క్రమంలో చెప్పాడు. సమయం అర నిమిషం, ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషంగా పంచుకోండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పాత పాపం గురించే రెండు నిమిషాలు చెప్పేసరికి అదొక సాహసగాథ అయిపోతుంది, ప్రభువుకు ఆఖర్లో పది సెకన్లు మిగులుతాయి.

రాశాక ప్రతి వాక్యాన్నీ ‘ఇది ఎవరైనా చెప్పగలరా?’ అని పరీక్షించండి. ‘ప్రభువు నన్ను ఎంతగానో మార్చాడు’ ఎవరైనా చెప్పగలరు, కొట్టేయండి. ‘మా అన్నయ్యతో నాలుగేళ్లుగా మాటల్లేవు. మొన్న బుధవారం వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు’ అన్నది ఆ మనిషి మాత్రమే చెప్పగలడు. చివరి వాక్యం అసంపూర్తిగా ఉంది కదా అని దిద్దొద్దు. అది విని వెనక వరుసలో ఒకరు తన తమ్ముణ్ణి తలుచుకుంటారు.

తాజాది కావాలి. ఇరవై ఏళ్ల కిందటి రక్షణ సాక్ష్యం విలువైనదే, కానీ ఈ నెలలో జరిగిన విధేయత అంటుకున్నంత త్వరగా అది అంటుకోదు. కంఠస్థం కూడా వద్దు. పదోసారి చెప్పే సాక్ష్యంలో సంఘటన కొంచెం పెద్దదవుతుంది, కన్నీళ్లు సరిగ్గా అదే చోట వస్తాయి. వినేవాళ్లు అది పసిగడతారు.

కూడికలో

1857లో న్యూయార్క్‌లోని ఫుల్టన్ వీధిలో జెరమయా లాన్‌ఫియర్ మొదలుపెట్టిన మధ్యాహ్న ప్రార్థనా కూడికలో ఎవరైనా సరే, ప్రార్థనకైనా మాటకైనా 5 నిమిషాలు మించకూడదనే నియమం ఉండేది. వివాదాస్పద విషయాలకు చోటు లేదు. ఇప్పటికీ దాన్ని మించిన ఏర్పాటు లేదు. సమయం దాటితే ఏం చేస్తారో ముందే చెప్పి ఉంచండి. మైకు మాత్రం నడిపేవారి చేతిలోనే ఉండాలి. మైకు ఇచ్చేశారంటే సాక్ష్యం మూడో నిమిషంలో ప్రసంగంగా మారుతుంది.

రెండు మూడు సాక్ష్యాలయ్యాక ఆపండి. వెంటనే పాట అందుకోవద్దు, వ్యాఖ్యానమూ వద్దు. రెండు నిమిషాలు నిశ్శబ్దం, తర్వాత ఎవరి ప్రార్థన వారిది. ఇక్కడే నడిపేవారికి ఓపిక చాలదు. ఖాళీ కనిపించగానే కీబోర్డు మొదలవుతుంది, అప్పుడే తమ పాపం ఒప్పుకోవడానికి లేవబోయినవాళ్లు మళ్లీ సర్దుకుని కూర్చుంటారు.

ఎక్కడ చెడుతుంది

బహిరంగ ఒప్పుకోలు దగ్గర జాగ్రత్త. 1907లో కొరియాలోని ప్యాంగ్యాంగ్‌లో వచ్చిన ఉజ్జీవం అలాంటి ఒప్పుకోళ్లతోనే నడిచింది, నిజమే. అయినా పాపం ఎంతమందిని తాకిందో ఒప్పుకోలు అంతవరకే ఉండాలి. ఇద్దరి మధ్య తప్పు ఆ ఇద్దరి మధ్యే తేలాలి. వేదిక మీద ఇంకొకరి పేరు రానివ్వొద్దు. లైంగిక పాపం వివరాలు మొదలైతే మృదువుగా ఆపి, సంఘ కాపరి దగ్గరికి తీసుకెళ్లండి. నేరం, ముఖ్యంగా పిల్లల మీద జరిగినది బయటపడితే అది సాక్ష్య విషయం కాదు, చట్టానికి చెప్పాల్సిందే.

స్వస్థత సాక్ష్యానికి ముందు వైద్యుడు చూశారా అని అడగండి. ‘మందులు మానేశాను’ అనే మాట వేదిక మీద వినబడితే ఇంకొకరు ఇంటికెళ్లి మానేస్తారు. వీడియో తీసేముందు అనుమతి తీసుకోండి. కూడిక వేడిలో సరేనన్నవాళ్లను మర్నాడు మళ్లీ అడగాలి.

కొత్తగా మారుమనస్సు పొందినవారిని ఊరూరా తిప్పకండి. కొత్తగా చేరినవాణ్ణి సంఘానికి అధ్యక్షునిగా పెడితే గర్వంలో పడతాడని 1 తిమోతి 3:6 హెచ్చరిస్తుంది. వేదిక మీదా అదే ప్రమాదం. పంపితే ఇద్దరిద్దరిగా, అందులో ఒకరు అనుభవమున్న విశ్వాసిగా ఉండేలా పంపండి. వెళ్లిన చోట ఆ సంఘ కాపరి అనుమతితోనే మాట్లాడాలి. తిరిగొచ్చాక చందా వివరాలు కాదు, అక్కడ ఎవరు ఎవరితో సమాధానపడ్డారో, ఎవరు ఎవరి బాకీ తీర్చారో అడగండి. పేర్లు రాయకుండా ఆ సంగతులు ఒక పుస్తకంలో రాసి, వచ్చే కూడికలో మొదట అవే చదవండి.