హిందీ సినిమా భజన వినడం ఎలా? – 4వ పాఠం: పంచమం లేని పాట

పోయిన పాఠంలో తీన్‌తాల్ అనే తాళం 16 మాత్రలు (లెక్కలు) చేత్తో వేయడం నేర్చుకున్నాం. ఇవాళ చేతికి పని కాస్త ఆలస్యంగా వస్తుంది. ముందు చెవికి పని.

పాట ‘మన్ తడ్‌పత్ హరి దర్శన్ కో ఆజ్’. విజయ్ భట్ తీసిన ‘బైజూ బావరా’ (1952)లోది. నౌషాద్ బాణీ, షకీల్ బదాయునీ మాట, రఫీ గొంతు. ఈ కృష్ణ భజన వెనక ఉన్న ముగ్గురూ ముస్లింలేనని ఎక్కడైనా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే ఆ సంగతి తెలియనివాళ్లకీ పాట వింటే కళ్లు చెమరుస్తాయి. అదెలాగో చూద్దాం.

రాగం మాల్కౌన్స్. మన కర్ణాటక సంగీతంలో హిందోళం స్వరాలే: స గ మ ధ ని. గ, ధ, ని మూడూ కోమలం, అంటే కాస్త కిందికి దిగిన స్వరాలు. రి, ప (పంచమం) ఉండవు. త్యాగరాజ కీర్తన ‘సామజవరగమన’ వింటూ పెరిగినవారికి ఈ స్వరాలు కొత్త కాదు. చిక్కు కూడా అక్కడే ఉంది. తెలిసిన రాగమే కదా అని చెవి తేలిగ్గా తీసుకుంటుంది. మాల్కౌన్స్ పొద్దుపోయాక పాడే గంభీరమైన రాగం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెల్లగా జారుతూ వెళ్తుంది. ఆ జారుడునే మీండ్ అంటారు.

ఇక అసలు విషయం. మామూలుగా తంబురా స–ప మోగుతుంది. పాట ఎటు తిరిగొచ్చినా పంచమం మీద కాసేపు సేదతీరవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. పంచమం తీగను మధ్యమానికి (మ) దించుతారు, ఆ మధ్యమమే రాగానికి వాది స్వరం, అంటే అన్నిటికన్నా ముఖ్యమైన స్వరం. దాని మీద ఆగితే నిలకడ ఉంటుంది గానీ, గడప దాకా వచ్చి లోపలికి పిలుపు కోసం నిలబడ్డట్టు ఉంటుంది. దర్శనం కోసం తపించే మనసుకి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

అభ్యాసం: తంబురా యాప్‌ని స–మకి పెట్టుకోండి. మీ శ్రుతిలో ‘స గ మ’ పాడి మధ్యమం మీద ఆగండి. ‘మ ధ ని స’ పైకెళ్లి, దిగి, మళ్లీ అక్కడే ఆగండి. రోజుకి పది నిమిషాలు చాలు. తర్వాత యాప్‌ని స–పకి మార్చి అదే పాడండి. మధ్యమం పంచమంతో ఒరుసుకోవడం మీకే తెలుస్తుంది.

ఇప్పుడు పాట పెట్టండి. మొదటి ‘హరి ఓం’ ఆలాపనకి తాళం లేదు, చెయ్యి కదపకండి. తాళం మొదలయ్యాక సమ్ (ఆవృత్తంలో మొదటి మాత్ర) పట్టుకుని, పల్లవిలో ఏ అక్షరం దాని మీద పడుతోందో రాసుకోండి. పాట చివర్లో రఫీ తారస్థాయికి వెళ్తాడు. ఏడుపు అక్కడొస్తుందని చాలామంది అంటారు. నన్నడిగితే అసలు పని అంతకుముందే, చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చే ప్రతిసారీ కొంచెం కొంచెంగా జరిగిపోయి ఉంటుంది. ఆ మలుపుల్నే మూడుసార్లు వినండి. రఫీలా పాడాలని మాత్రం టెన్షన్ పడకండి, ఇది వినికిడి పాఠం.

వచ్చే పాఠానికి ‘హమ్ దోనో’ (1961)లోని ‘అల్లా తేరో నామ్’ విని ఉంచండి. లతా గొంతు సరే, వెనక కోరస్ ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు తప్పుకుంటోందో గమనించండి.